అమ్మ పర్సు

పోయిన అక్టోబరులో ఒకరోజు మా అమ్మ నన్ను 70 రూపాయలు అడిగింది. అడగడమంటే మామూలుగా కాదు, ముందు నా మొహం చూసి, తర్వాత నేల చూసి, గొంతు తగ్గించి, "ఒక డెబ్బై రూపాయలుంటే ఇస్తావా" అంది. ఎదురుగా సోఫాలో పోస్ట్‌మ్యాన్ కూర్చుని ఉన్నాడు, ఆ డబ్బు అతనికివ్వాలి. నెలనెలా అమ్మ ఖాతాలో ఫ్యామిలీ పెన్షన్ పడుతుంది. 80 నిండాక అసలు పెన్షన్ మీద ఇంకో 20 శాతం కలిపారు కూడా, "ముసలిదాన్నయినందుకు నాకొచ్చిన ప్రమోషన్" అని అందరికీ చెప్పుకునేది అప్పట్లో. ఆ ఖాతాలో ఎంతుందో ఇప్పుడు ఆవిడకంటే నాకే బాగా తెలుసు, ఏటీఎం కార్డు నా హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది కాబట్టి. నేను లోపలికెళ్ళి వంద నోటు తెచ్చి ఆ కుర్రాడి చేతికిచ్చేశాను. అమ్మ చేతికి కాదు, నేరుగా అతనికే. ఆ సంగతి రాత్రి పడుకున్నాక గానీ తట్టలేదు నాకు.

అప్పట్నుంచి రాద్దామనుకుంటూ ఇప్పటికి కూర్చున్నాను. పొడుగవుతుంది, ఓపికున్నవాళ్ళు చదవండి.

అమ్మకి 83, నాకు 58. నాన్న పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో చేసి, రిటైరయ్యాక తెనాలిలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆయన పోయి పదకొండేళ్ళు. అప్పట్నుంచీ అమ్మ ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. ఒక్కతే అని మేం అంటాం గానీ ఆవిడ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. పొద్దున పాలబ్బాయి, పదింటికి కూరగాయల బండి, మధ్యాహ్నం ఎదురింటి పిన్నిగారు, సాయంత్రం అరుగు మీద నలుగురు. హైదరాబాదు నిజాంపేటలో నాలుగో అంతస్తులో తలుపేసుకుని బతికే నాకే ఆవిడకంటే తక్కువమంది తెలుసు. అయినా బెంగ మాత్రం మేం పడేవాళ్ళం.

రెండేళ్ళ కిందట పెరట్లో కరివేపాకు కోస్తూ పడింది. (ఎవరికి చెప్పినా "బాత్రూంలోనా?" అంటారు. కాదండీ, కరివేపాకు దగ్గర.) తుంటి ఎముక విరిగింది. గుంటూరు తీసుకెళ్తే విరిగిన బంతి భాగం తీసేసి లోహపుది పెట్టారు, మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెట్టారు. నిలబడి, "ఇంతేనా, దీనికా మీ హడావుడి" అంది. అసలు కథ మూడో రాత్రి మొదలైంది. మంచం కింద కోళ్ళు తిరుగుతున్నాయి తోలవే అంటుంది, నన్ను పట్టుకుని ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరుతో పిలుస్తుంది, సెలైన్ గొట్టం పీకేసింది. మా తమ్ముడు వీడియోలో చూసి ఏడ్చేశాడు. నేనైతే ఇంక అయిపోయింది, మనిషి ఉన్నా అమ్మ లేదు అనుకున్నాను.

తీరా చూస్తే సోడియం. 135కి తగ్గకూడదు, అమ్మకి 118 ఉంది. ఏళ్ళ తరబడి వేసుకుంటున్న బీపీ మాత్రలో ఒంట్లో నీరు తీసే మందు కలిసి ఉంది, అది నీటితోపాటు సోడియాన్ని కూడా లాగేస్తుంది, దానికి తోడు బీపీ కదా అని ఈవిడ ఉప్పు దాదాపు మానేసింది, పైన ఆపరేషన్. డాక్టరుగారు ఆ మాత్ర మార్చి, సోడియం కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చారు, ఒక్కసారిగా పెంచితే మెదడుకి ప్రమాదమట. నాలుగు రోజులకి కోళ్ళు వెళ్ళిపోయాయి. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే మాత్రం వయసు కదా అని సరిపెట్టుకోకండి, ముందు డాక్టరుకి చూపించి సోడియం, యూరిన్ పరీక్షలు చేయించండి. ఏళ్ళ మీద నిదానంగా వచ్చే మతిమరుపు వేరు, రెండు రోజుల్లో ఊడిపడేది వేరు.

అమ్మకి కోళ్ళు పోయాయి గానీ మాకు పోలేదు. ఆ నాలుగు రోజులూ చూసిన భయం మా కళ్ళలో అలాగే ఉండిపోయింది. ఆవిడ ఏ మాటన్నా "ఇది అమ్మా, సోడియమా" అని ఒక క్షణం ఆగి చూడటం అలవాటైంది. హైదరాబాదు తెచ్చేసుకున్నాక ఒక్కొక్కటీ తీసేసుకోవడం మొదలుపెట్టాం. అప్పుడు తీసేసుకుంటున్నామని అనుకోలేదు, జాగ్రత్త అనుకున్నాం. ఆపరేషన్‌కి ముందు గాజులు తీసిమ్మంటే తీసిచ్చింది, అవి నా లాకర్లోకి వెళ్ళాయి. ఏటీఎం కార్డు నా దగ్గరికొచ్చింది. పోలీసులమంటూ ఫోన్ చేసి డిజిటల్ అరెస్ట్ అని బెదిరించి పెద్దవాళ్ళ డబ్బు ఊడ్చేస్తున్నారు కదా, అందుకని ఆవిడ ఫోన్‌కి తెలియని నంబర్లు రాకుండా చేశాం, దాంతో తెనాలి పాలబ్బాయి ఫోను కూడా రాకుండా పోయింది, ఆ సంగతి ఆర్నెల్లకి తెలిసింది. స్టవ్ దగ్గరికి వెళ్ళొద్దన్నాం. మాత్రలు నేనే సర్ది పెడతాను. తెనాలి ఇంటి తాళాలు మా బీరువాలో. చివరికి గోళ్ళు తీసుకునే కట్టర్ కూడా దాచాను, షుగర్ ఉంది, వేలు తెగితే మానదని. ఒక్కోదానికీ ఒక కారణం ఉంది, అడిగితే ఇప్పటికీ చెప్పగలను. ఏదైనా ఒకటి ఊరికే తీసుకుని ఉంటే తప్పు ఒప్పుకోవడం తేలికయ్యేది.

దీనికి తోడు ఇది కూతురిల్లు. మా అమ్మ తరానికి కొడుకుండగా కూతురింట్లో ఉండటమంటే తల కొట్టేసినట్టే. పైకి అనదు, తిండిలో చూపిస్తుంది, రెండో ముద్ద వద్దంటుంది. మా ఆయన రిటైరై ఇంట్లోనే ఉంటారు. ఆయన హాల్లో ఉంటే ఈవిడ గదిలోంచి రాదు, వాకర్ చప్పుడు ఆయన టీవీకి అడ్డమట. ఆయన పాపం ఒకటికి పదిసార్లు "అత్తయ్యగారూ, రండి, వార్తలు చూద్దాం" అంటారు, ఈవిడ పైట సర్దుకుని "మీరు చూడండి బాబూ" అంటుంది. సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్ళు ముట్టదు, రాత్రి లేస్తే ఎవరినో లేపాల్సొస్తుందని. అలా నీళ్ళు తాగక తాగక యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చి మళ్ళీ మూడు రోజులు ఆస్పత్రి. మొహమాటంతో జబ్బు తెచ్చుకునే మనిషిని ఏం చేస్తాం?

ఆ తర్వాతే ఏజెన్సీ ద్వారా ఇంట్లోనే ఉండేలా ఒకమ్మాయిని పెట్టుకున్నాం. అంతకుముందు ముగ్గురొచ్చి వెళ్ళారు, ఆ కథలు ఇక్కడ వద్దు. ఈ అమ్మాయిది శ్రీకాకుళం వైపు, ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. మేం నెలకి 27 వేలు కడితే ఆ పిల్ల చేతికి 19 వేలే వెళ్తుందని తర్వాత తెలిసింది. మా అమ్మ దగ్గర తనుండాలి కాబట్టి తన పిల్లల దగ్గర వాళ్ళమ్మ ఉంది, మరి ఆ అమ్మకి ఒంట్లో బాగాలేకపోతే ఎవరు చూస్తారో నేనడగలేదు. అడిగితే ఏం చెయ్యాలో తెలియక.

తమ్ముడి మీద నాకు కోపం ఉంది, లేదని అబద్ధం చెప్పను. న్యూజెర్సీలో ఉంటాడు. ఆదివారం పొద్దున ఫోన్, "అక్కా, ఫిజియో వస్తున్నాడా, ప్రోటీన్ పౌడర్ ఇస్తున్నారా" అని ఆఫీసులో పని అప్పజెప్పినట్టు. పడిపోతే మాకు మెసేజ్ వచ్చే వాచీ పంపాడు, అది అమ్మ మణికట్టుకి వదులై ఇప్పుడు దేవుడి గూట్లో గంట పక్కన ఉంది. డబ్బు అడక్కముందే పంపుతాడు, ఆ మాట కూడా చెప్పాలి. వేళ కాని వేళ నా ఫోన్ వెళ్తే వాడు "ఏమైంది" అనే తీరు విన్నాక సగం కోపం పోయింది. మిగతా సగం సంగతి ఏమిటంటే, ఒక ఆదివారం ఆ ఫోన్‌లోనే తెనాలి ఇల్లు అమ్మేద్దామా, అద్దెకిద్దామా అని మేమిద్దరం ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం, స్పీకర్ పెట్టి, అమ్మ పక్కనే మంచం మీద కూర్చుని వింటుండగా. ఇల్లు అమ్మ పేరు మీదుంది. ఇద్దరిలో ఒక్కరం కూడా ఆవిణ్ణి అడగలేదు. కాబట్టి ఆ సగం కోపం వాడి మీదో నా మీదో నాకే సరిగా తెలియదు.

ఇంక ఆ పోస్ట్‌మ్యాన్ రోజు. పెన్షన్ తీసుకునేవాళ్ళు ఏటా నవంబరులో బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, కేంద్ర ప్రభుత్వ పెన్షన్‌లో 80 దాటినవాళ్ళు అక్టోబరు 1 నుంచే ఇచ్చేయొచ్చు. ఇప్పుడు జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ సర్టిఫికెట్ వచ్చాక ఆధార్‌తో కూర్చున్నచోటే అయిపోతుంది. నా ఫోన్‌లో నేనే చేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "మీ నాన్న డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఇంటికొచ్చి చేస్తారంటగా, వాళ్ళనే పిలువు" అంది. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ తరఫున పోస్ట్‌మ్యాన్ వచ్చి చేస్తాడు, దానికే ఆ 70 రూపాయలు. ఆరోజు పొద్దున్నే తల దువ్వించుకుని, గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు హాల్లో కూర్చుంది.

వేళ్ళు మార్చి మార్చి పెట్టినా మిషన్ తీసుకోలేదు. అరవై ఏళ్ళు అంట్లు తోమి, పచ్చళ్ళు కలిపి, పిడకలు కూడా చేసిన చేతులు, గీతలెక్కడ మిగులుతాయి. ఆ కుర్రాడు ఓపికమంతుడు, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టించాడు, కాలేదు. ఇంక ఫోన్ తీసి, "కళ్ళద్దాలు తీయండి మామ్మగారూ, ఇక్కడ చూడండి, ఒక్కసారి రెప్పలు ఆర్పండి" అన్నాడు. అమ్మ కళ్ళు గట్టిగా మూసి, తెరిచింది. అయిపోయింది. "ఒప్పుకుందా మరి, నేను బతికే ఉన్నానని?" అంది. అతను నవ్వాడు, మా ఆయన కూడా నవ్వారు, దాంతో ఆవిడకి ఊపొచ్చింది. ఏ ఊరు బాబూ, ఎన్నేళ్ళ సర్వీసు, ఇప్పుడు మనియార్డర్లు వస్తున్నాయా అని మొదలుపెట్టి, సంక్రాంతికి గ్రీటింగ్ కార్డులు గోనెసంచుల్లో వస్తే నాన్న అర్ధరాత్రి దాకా సార్టింగ్ చేసి ఇంటికొచ్చి వేళ్ళు కాపడం పెట్టించుకున్న రోజుల దాకా వెళ్ళింది. మా ఇంట్లో దాదాపు రెండేళ్ళలో ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు. అల్లుడి ముందు, హాల్లో, సోఫాలో. అదే ఊపులో అతనికి డబ్బులివ్వడానికి నడుము దగ్గర చెయ్యి పెట్టుకుంది. రొంటిన చిన్న పర్సు దోపుకోవడం ఆవిడ అలవాటు. చెయ్యి అక్కడే కొంచెంసేపు తడుముకుంది. అప్పుడు నా మొహం చూసింది.

నేను బ్యాంకులో పనిచేస్తాను, ఇంకో రెండేళ్ళ సర్వీసు ఉంది. నవంబరు నెలంతా మా బ్రాంచిలో పెన్షనర్లే. కొడుకో కోడలో ఖాతా పుస్తకం పట్టుకొస్తే "ఖాతాదారు రావాలండీ" అని నిక్కచ్చిగా అంటాను. పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టి "కార్డు, పిన్ ఎవరికీ ఇవ్వకండి, పిల్లలకైనా సరే" అని చెప్తాను, బాగా చెప్తానని పేరు కూడా ఉంది. ఇల్లు కొడుక్కి రాసిచ్చి ఇప్పుడు మందులకి చెయ్యి చాపే పెద్దాయన ఒకరు వస్తుంటారు, పెద్దవాళ్ళ పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం గురించి, ఆర్డీవో దగ్గర పెట్టుకోవాల్సిన అర్జీ గురించి ఆయనకి కాగితం మీద రాసిచ్చింది నేనే. ఇన్ని తెలిసినదాన్ని, మా అమ్మ ఏటీఎం పిన్ ఆవిడకి చెప్పకుండా మార్చాను. పాత పిన్ నాన్న పుట్టిన సంవత్సరం, ఎవరైనా ఊహించేస్తారని.

మర్నాడు కార్డు తిరిగిచ్చాను. "దీంతో నేనేం చేసుకోను, ఏటీఎంకి వాకర్ మీద వెళ్ళనా" అని వెనక్కిచ్చేసింది. అదీ నిజమే. అందుకని ఆవిడ డబ్బులోంచే 2 వేలు తీసి, అన్నీ వందలూ యాభైలూ పదులూ చేసి, పాత పర్సు వెతికి అందులో పెట్టిచ్చాను. నెలనెలా అంతే, లెక్క అడగకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

ఇక్కడ ఆపేస్తే కథ బాగుండేది. మూడు వారాలకి, పర్సులో పన్నెండొందలు పోయాయంది. ఆ అమ్మాయి వైపు చూస్తూ అంది. "నేనూరికే అంటానా, దిండు కింద పెట్టాను, ఇంట్లో ఇంకెవరున్నారు" అని రెండు పూటలు అదే మాట. ఆ అమ్మాయి ఏడ్చి, తన బ్యాగు తెచ్చి హాల్లో బోర్లించింది, రెండు చీరలు, పిల్లల ఫోటో, ఒక కొబ్బరినూనె సీసా. నేను చూడకూడదనుకుంటూనే చూశాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. మా ఆయన "ఆ పిల్ల తీయదు" అని ఒక్కమాటే అన్నారు. తమ్ముడికి చెప్తే "అక్కా, ఒకసారి సోడియం చూపించు" అన్నాడు. చూపించాం, 137. అప్పుడింకా ఎక్కువ టెన్షన్ పట్టుకుంది, సోడియం కాకపోతే మరి ఏమిటి?

ఆదివారం పోపు పెడుతూ పోపుల డబ్బాలో మినప్పప్పు గిన్నె ఎత్తితే, అడుగున నాలుగు మడతలు పెట్టి, పసుపు అంటుకుని, పన్నెండు వంద నోట్లు. ముందు నవ్వొచ్చింది. తెనాలిలో ఆవిడ డబ్బు దాచే చోటు అదే, చిన్నప్పుడు నేను అక్కణ్ణుంచే కొట్టేసేదాన్ని. తర్వాత నవ్వు ఆగిపోయింది. పోపుల డబ్బా ఉండేది వంటింట్లో. వంటింట్లోకి ఈవిడ ఎప్పుడొచ్చింది?

ఆ అమ్మాయే చెప్పింది, తలవంచుకుని. రోజూ మధ్యాహ్నం మూడున్నరకి, నేను బ్యాంకులో ఉండగా, కాఫీ పెట్టుకుంటారట. ఆర్నెల్లుగా. అమ్మ వాకర్‌ని గట్టుకి ఆనించుకుని నిలబడి స్టవ్ తనే వెలిగిస్తుంది, పాలు తనే కాస్తుంది, ఆవిడ కొంగు ఈ పిల్ల పట్టుకుని పక్కనే నిలబడుతుంది. అప్పుడప్పుడూ ఉప్మా. బజ్జీలు మాత్రం ఒక్కసారే మేడం, ఒట్టు, అంది. ఇంకా ఉంది వినండి. కాఫీ రెండు గ్లాసులు కాదు, మూడు. మూడోది మా ఆయనకి. హాల్లోకి రావడానికి మొహమాటపడే అత్తగారు ఆర్నెల్లుగా అల్లుడికి కాఫీ పంపుతోంది, ఈయన తాగి గ్లాసు కడిగి బోర్లించి నేనొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకుంటున్నారు. "చెప్తే నువ్వు ఆపేస్తావు కదా" అన్నారు. ఆపేసేదాన్నే.

బాగా కోపమొచ్చింది. ఏజెన్సీకి ఫోన్ చేద్దామని ఫోన్ చేతిలోకి కూడా తీసుకున్నాను. స్టవ్ మంట, వాకర్, నేత చీర కొంగు, 83 ఏళ్ళు, ఏమైనా అయితే ఎవరిది పూచీ అని అరిచాను. అమ్మ మంచం మీద కాళ్ళు జాపుకుని అంతా విని, "బతికున్నానని గవర్నమెంటుకి చెప్పాను కదే, మళ్ళీ నీకు కూడా చెప్పుకోవాలా" అంది. ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆ అమ్మాయికి అమ్మ క్షమాపణ చెప్పలేదు. పసుపు నోట్లలోంచి ఐదు తీసి "పిల్లలకి బట్టలు పంపు" అంది, అంతే. బ్యాగు చూసినందుకు నేను మాత్రం చెప్పుకున్నాను.

కొంగు అంటుకునే భయం లేకుండా ఇండక్షన్ స్టవ్ కొన్నాం. మంట కనపడని పొయ్యిని ఆవిడ నమ్మదట, గ్యాసే వెలిగిస్తోంది. పోనీ నైటీ వేసుకోమంటే "అల్లుడుగారింట్లోనా!" అంది. నాకు భయం పోలేదు. మూడున్నరకి బ్యాంకులో ఏ పనిలో ఉన్నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. లాకర్లోంచి గాజులు తెచ్చిచ్చాను, చేతులు సన్నబడి జారిపోతుంటే దారం చుట్టి బిగించుకుంది. ఇంటి సంగతి కూడా అడిగాం చివరికి, ఆ ఆదివారం ఫోన్‌లోనే. ముందు భాగం అద్దెకిచ్చి వెనక గది తనకి ఉంచమంది, కరివేపాకు చెట్టు అద్దెవాళ్ళు కొట్టకూడదని కాగితంలో రాయించమంది. తమ్ముడు రాయిస్తానన్నాడు.

ఈ మధ్య బెంగుళూరు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, చీకటి పడ్డాక నువ్వు స్కూటీ తీయకు, లొకేషన్ నాకు ఎప్పుడూ కనపడేలా పెట్టు" అంది. శుక్లాలు మొదలయ్యాయని నేనే దానికి చెప్పాను, తప్పు నాదే. పైగా ఎంత ప్రేమగా చెప్పిందో. మా అత్తగారు 58 దాటిన ఆడవాళ్ళకి రైల్లో సగం టికెట్ అని తిరుపతి ఎన్నిసార్లు వెళ్ళొచ్చిందో, 2020 మార్చిలో ఆ రాయితీ ఆపేశారు, నాకు 58 వచ్చేసరికి లేదు. ముసలితనానికి ఇచ్చేవన్నీ నా దాకా రాకుండా ఆగిపోయాయి, ఆంక్షలు మాత్రం సరిగ్గా టైముకొచ్చాయి.

మొన్న శనివారం సాయంత్రం అమ్మ పిలిచింది. "నువ్వు తెచ్చే కాఫీపొడి అంతా చికోరీయే, అల్లుడుగారు పాపం పైకి అనలేరు, మంచిది పట్టించుకురా" అని రొంటినున్న పర్సు తీసి 300 ఇచ్చింది. అప్పటికే చీకటి పడుతోంది. స్కూటీ మీదే వెళ్ళొచ్చాను, అమ్మాయికి చెప్పలేదు. చిల్లర 40 రూపాయలు మిగిలాయి. అమ్మ రెండుసార్లు లెక్కపెట్టుకుని పర్సులో వేసుకుంది.